రోడ్డు రోలరు రెండో పక్క

మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల రిజిస్టరు రాసే గుమస్తాకు మనుషులంటే పెద్ద గౌరవం లేదు. పుట్టినవాడు పుట్టాడని ఒక వరుస, పోయినవాడు పోయాడని ఒక వరుస. నడుమ వాడు వెలగబెట్టిన ఘనకార్యాలకు రిజిస్టర్లో గడే లేదు. అందుకని ఆయన తన గౌరవమంతా మూటగట్టి పాత బళ్లకూ యంత్రాలకూ దాచిపెట్టాడు. హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసే కార్లు, చెక్క బాడీ లారీలు, డబడబమని ఊరంతా వినిపించే ఆయిల్ ఇంజన్లు. ఎక్కడ కనిపించినా వాటి ముందు మడత కుర్చీ వేసుకుని కూర్చుని, పెన్సిలుతో అచ్చం ఉన్నది ఉన్నట్టు గీసేవాడు. బొమ్మలోని తుప్పు మరక చూసి వేలితో తుడవబోయినవాళ్లున్నారు.

గీస్తే గీశాడు, ఎవరికేం నష్టం? కానీ ఆయన నోరు ఊరుకునేది కాదు. లైబ్రరీ వెనక గదిలో ఆదివారం ఆదివారం ఓ ఎనిమిది మంది కూడి పాత బళ్ల బొమ్మలు గీసుకునేవాళ్లు. ఆయనా వెళ్లేవాడు. గీయడానికి కాదు, తప్పులు పట్టడానికి.

"ఈ చక్రానికి ఆరు బోల్టులుంటాయి. మీరు అయిదే పెట్టారు. ఆరోది ఇంట్లో మర్చిపోయారా?"

"ఇంజను ఇంత తళతళలాడుతోందేంటండీ? ఇంజనా, పెళ్లికూతురా?"

ఓసారి స్కూలు టీచరమ్మ ఒకావిడ పాత మోటారు సైకిలు గీసింది. మూడు వారాల కష్టం. గుమస్తా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, బొమ్మ మీదికి వంగి వాసన చూసినంత పని చేశాడు.

"చైను ఎటు పక్క ఉందమ్మా?"

"ఇటు పక్కండీ."

"బండికి అటు పక్క ఉంటుంది. ఫోనులో తిరగబడ్డ ఫొటో చూసి గీశారు కదూ? మీరు చూసింది బండినా, బండి ఫొటోనా?"

"రెండింటికీ అంత తేడా ఏముందండీ?"

"బయట తిరిగే మనిషికీ, నా మరణాల రిజిస్టర్లో మనిషికీ ఉన్నంత తేడా. కంటితో చూడనిది కాగితం మీదికి రాకూడదమ్మా. వస్తే అది బొమ్మ కాదు, దొంగ సాక్ష్యం."

టీచరమ్మ బొమ్మ చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది. మిగతావాళ్లు ఎవరి కాగితం మీద వాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఊరు ఆయనకు బోల్టుల గుమస్తా అని పేరు పెడితే, అదేదో బిరుదైనట్టు పొంగిపోయాడు. ఇంట్లో భార్య మాత్రం పొంగలేదు. "వంటింటి కుళాయి కారబట్టి రెండు నెలలు. దానికి ఒక్క బోల్టు బిగించిన పాపాన పోలేదు గానీ, ఊళ్లో బోల్టులన్నీ ఈయనకే కావాలి" అనేది, వినపడేలాగే.

ఆయన బొమ్మలన్నిటికీ తలమానికం ఆవిరి రోలరు. ఆఫీసు వెనక యార్డులో, ప్రహరీ గోడకు ఆనించి, ఎవరూ పట్టించుకోని రోడ్డు రోలరు ఒకటి పడి ఉండేది. బొగ్గుతో నడిచేది. ముందు డ్రమ్ము, మీద బాయిలరు, దానిపై పొగగొట్టం, పక్కన ఫ్లైవీలు అనే నిలువెత్తు చక్రం. గుమస్తా ఎనిమిది నెలల పాటు మధ్యాహ్నం భోజనం డబ్బా ఒళ్లో పెట్టుకుని దాని ముందే కూర్చున్నాడు. రివిట్లన్నీ లెక్కపెట్టి పెట్టాడు. బాయిలరు మీద కాకి రెట్ట చారికను కూడా వదల్లేదు. ఆ బొమ్మ చూసి మున్సిపల్ ఇంజినీరు నోరు తెరిచి, అద్దం కట్టించి తన గదిలో తగిలించుకున్నాడు.

గోడవైపు పక్క మాత్రం గుమస్తా చూడలేదు. రోలరుకూ గోడకూ మధ్య సందు జానెడు. ఆ సందులో తీగలు, పగిలిన డ్రమ్ములు, కందిరీగల తుట్టె. అయినా బొమ్మకు ఒక పక్క చాలు కదా.

చాలలేదు. రెండేళ్లు తిరిగేసరికి దొంగలు ఫ్లైవీలూ పొగగొట్టమూ ఊడబెరుక్కుపోయారు. ఆ తర్వాతే ఆఫీసువాళ్లకు రోలరు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఊరి రోడ్లన్నీ తొక్కిన బండిని ఊరు నెత్తికెక్కించుకోవాలట. నాలుగు రోడ్ల కూడలిలో దిమ్మె కట్టి, పోయిన భాగాలు చేయించి, రంగులు వేయించి నిలబెట్టాలని తీర్మానించారు. ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క ఫొటో లేదు. ఉన్నదల్లా గుమస్తా బొమ్మ.

ఇంజినీరు ఆయన్ని చైర్మన్ గదికి పిలిపించాడు.

"చూడండి సార్, వీరే. బోల్టు కూడా తప్పరు. కంటితో చూడనిది గీయరు." ఆపైన గుమస్తా వైపు తిరిగి, "రెండో పక్క కూడా గీసే ఉంటారుగా?" అన్నాడు.

లేదు అంటే సరిపోయేది. గోడ అడ్డమండీ, బండి బయటికి లాగాక గీస్తానండీ అంటే ఇంకా బాగుండేది. కానీ చైర్మన్ కళ్లు, ఇంజినీరు కళ్లు, తలుపు దగ్గర టీ గ్లాసులు పట్టుకున్న అటెండరు కళ్లు, అన్నీ ఆయన మీదే ఉన్నాయి. ఎప్పుడూ ఎవరూ పొగడని మనిషికి పొగడ్త ఎక్కితే దిగదు.

"గీశానండి. ఇంట్లో ఉంది. కాస్త ఫినిషింగు మిగిలింది."

"సోమవారానికి తెచ్చెయ్యండి."

ఆ సాయంత్రం యార్డుకు పరిగెత్తాడు. సందులో తల దూర్చాడు. తల పట్టింది, పొట్ట పట్టలేదు. చీకటి తప్ప ఏం కనబడలేదు. ఓ కందిరీగ చెవి పక్కగా పోతూ పలకరించింది. ఆయన తల బయటికి లాక్కుని, చొక్కా దులుపుకుని, దుమ్ము తప్ప ఇంకేమీ అంటనట్టు ఇంటికి వచ్చేశాడు.

ఆదివారం వీధి గదిలో బల్ల మీద పాత బొమ్మ నకలు పరిచాడు. దాని మీద ట్రేసింగ్ పేపరు వేసి, గీతలన్నీ ఎత్తుకుని, పేపరు తిరగేశాడు. అంతే. కుడి పక్క ఎడమ పక్క అయిపోయింది. ఆనాడు టీచరమ్మకు ఆవిడ ఫోను చేసిపెట్టిన పనే, ఈయన చేతులారా చేశాడు.

భార్య గుమ్మంలోంచి చూసింది. "అదేంటి, పాత బొమ్మనే తిరగేస్తున్నారు?"

"కొలతలు సరిచూసుకుంటున్నా."

"తిరగేస్తే కొలతలు మారతాయా?"

"నీకు తెలియని విషయాల్లో తలదూర్చకు."

ఆవిడ తల తీసేసింది. గుమస్తా మాత్రం తన పెన్సిలు పనితనం మొత్తం చూపించాడు. రెండు పక్కలూ ఒకేలా ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుందని, తుప్పు మరకల చోటు మార్చాడు. గోడవైపు కదా అని బాయిలరు కింద నాచు పట్టించాడు. ఫ్లైవీలు అంచున ఎన్నడూ తగలని దెబ్బ ఒకటి తగిలించి, ఆ సొట్టలో నీడ నింపాడు. నిజంగా చూసి గీసిన మొదటి బొమ్మ కంటే, చూడకుండా గీసిన ఈ బొమ్మే ఎక్కువ నిజంలా వచ్చింది. సోమవారం ఇంజినీరు దాన్ని చూసి, "ఆ నాచు చూడండి, చేత్తో తీసెయ్యాలనిపిస్తోంది" అన్నాడు.

పని గుమస్తా బావకు అప్పగించారు. అక్క మొగుడు. ఊళ్లో అంత బండిని లోపల పెట్టుకోగల పెద్ద షెడ్డు ఉన్న వెల్డరు ఆయనొక్కడే. బావకు ఈయన బొమ్మలంటే ఎప్పుడూ వెటకారమే. "మా బామ్మర్ది గీసే ఇనుముకు బరువుండదు. అందుకే అంత తేలిగ్గా మోస్తాడు" అని పదిమందిలో అనేవాడు. ఈయన తక్కువ తిన్నాడా? "బావ చేతిలో కట్టర్ ఉంది గానీ కళ్లకు అద్దాలు నల్లవి" అనేవాడు. అక్క ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ, ఒకరి మాట ఒకరికి చేరకుండా మధ్యలో కూర గిన్నె తిప్పుతుండేది.

క్రేనుతో రోలరును గోడ దగ్గర్నుంచి లేపి షెడ్డుకు తెచ్చిన మూడో రోజు, బావ కబురు పెట్టాడు.

గుమస్తా వెళ్లేసరికి బావ రెండో పక్క నిలబడి ఉన్నాడు. చేతిలో బొమ్మ కాగితం.

"రావయ్యా బామ్మర్దీ. నీ బొమ్మలో ఇక్కడ ఒక పెద్ద చక్రముంది. బాగానే ఉంది. మరి బండికి ఇక్కడ మూడు షాఫ్టు మొనలున్నాయి. ఒకదానికి నీ చక్రం తగిలిస్తాను. మిగతా రెండింటికీ ఏం తగిలించను, మీ అక్క గాజులా?"

గుమస్తా వంగి చూశాడు. మూడు మొనలు. నున్నగా కోసిన గుండ్రటి ఇనుము. ఒక్కోదానికీ చక్రం జారకుండా చీల దిగేసే గాడి. చుట్టూ ఏదో మూత బిగించిన బోల్టు రంధ్రాలు, వరసగా, అర్ధచంద్రంలా. ఆయనకు ఒక్క చూపులోనే అర్థమైపోయింది. ఈ పక్క ఫ్లైవీలు లేదు. గేర్లుండేవి. బండిని గోడకు ఆనించకముందే ఎవడో వాటిని విప్పుకుపోయాడు. ఊళ్లో ఆ మొనలు చూసి ఆ మాట చెప్పగలిగినవాడు తనొక్కడే. ఆ సంగతి తెలిసి గర్వపడాల్సిన మనిషి చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

"బొమ్మలో ఈ మొనలు లేవు" అన్నాడు బావ. "బొమ్మ తప్పా, బండి తప్పా?"

ఎంత చిన్న ప్రశ్న! షెడ్డులో ఇంకెవరూ లేరు. బావ నాలుగు రోజులు నవ్వేవాడు, ఇంజినీరు ఓ పూట విసుక్కునేవాడు, అంతటితో సరి. కానీ గుమస్తాకు ఆ నాలుగు రోజుల నవ్వే కొండంతగా కనిపించింది.

"బొమ్మ తప్పెలా అవుతుంది బావా? తర్వాతెవడో తగిలించిన చెత్త అయుంటుంది. కోసెయ్."

"కోస్తే మళ్లీ రావు. బొమ్మ కాదిది, రబ్బరుతో చెరిపి మళ్లీ గీసుకోడానికి."

"కోసెయ్ అంటున్నాగా. నీకు గీత తెలియదు, నాకు నిప్పు తెలియదు. ఎవరి పని వాళ్లం చేద్దాం."

బావ ఆయన ముఖంలోకి ఓ క్షణం ఎక్కువసేపే చూశాడు. నల్లద్దాలు దించుకున్నాడు. గుమస్తా ఉండి చూడలేదు. వీధి మలుపు దాకా గ్యాస్ కట్టర్ చప్పుడు ఆయన వెనకే వచ్చింది.

ఆ తర్వాత రెండు నెలలూ ఆదివారం గదిలో ఆయన నోటికి పట్టపగ్గాలు లేవు. ఒకాయన ట్రాక్టరు గీస్తే టైరు గాడులు తప్పన్నాడు. ఇంకొకాయన బావి మోటారు గీస్తే దానికి ప్రాణం లేదన్నాడు. మనసులో ఉన్న మురికి అంతా ఎదుటివాడి కాగితం మీద దులిపేశాడు. గదిలో ఎనిమిది మంది అయిదుగురయ్యారు. టీచరమ్మ మాత్రం మానలేదు. మూలన కూర్చుని గీసుకునేది, ఏమన్నా అంటే "ఊ" అనేది.

ఆవిష్కరణ రోజు దగ్గరపడింది. ఆ రోలరు నడిపిన డ్రైవరును పిలిచి వేదిక మీద కూర్చోబెట్టాలని ఎవరో అన్నారట. ఆ ముక్క వినగానే గుమస్తాకు ముద్ద దిగలేదు. మర్నాడు ఆఫీసు తలుపులు తీయకముందే వెళ్లి మరణాల రిజిస్టర్లు తిరగేశాడు. దొరికాడు. డ్రైవరు పోయి పదకొండేళ్లయింది. వరుస రాసింది తన చెయ్యే. గుమస్తా ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఒక మనిషి చావు చూసి ఇంత సంతోషపడ్డ గుమస్తా ఆ ఆఫీసులో అంతకుముందు లేడు. ఆ మధ్యాహ్నం పెరుగన్నం రెండోసారి కలుపుకున్నాడు.

రిజిస్టర్లో పోయినవాడు ఉన్నాడు గానీ, ఉన్న పెళ్లాం లేదు.

ఆవిష్కరణ ఉదయం కూడలిలో జనం బాగానే కూడారు. దిమ్మె మీద గుడ్డ కప్పిన రోలరు. ఇటొకటి అటొకటి, గుమస్తా బొమ్మలు రెండూ మనిషెత్తు అచ్చు వేయించి నిలబెట్టారు. కింద ఆయన పేరు, బావ షెడ్డు పేరు కంటే నాలుగింతలు పెద్దది. వేదిక మీద చైర్మన్ పక్కన గుమస్తాకు కుర్చీ వేశారు. బావ, అక్క, గుమస్తా భార్య కింద ఎండలో నిలబడ్డారు. ఆదివారం గదివాళ్లు రెండో వరసలో కూర్చున్నారు.

గుడ్డ లాగారు. చప్పట్లు. ఆకుపచ్చ రంగు, ఎర్ర చక్రాలు, ఇత్తడి పట్టీలు. పెళ్లికూతురన్నది ఇదే అనుకోవాలి. ఆ చప్పట్ల మధ్య, డ్రైవరు తరఫున పిలిపించిన ఓ ముసలామె కర్ర పొడుచుకుంటూ దిమ్మె చుట్టూ తిరిగింది. గ్రీజమ్మ అంటారు ఆవిణ్ణి. మొదటి పక్క చూసి తల ఊపింది. రెండో పక్కకు వెళ్లి ఆగిపోయింది.

"నా వేలు నమిలిన చక్రాలేవయ్యా?"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ కుడి చెయ్యి ఎత్తి చూపించింది. చూపుడువేలు సగమే ఉంది.

"ఇటు పక్క పళ్ల చక్రాలుండాలి. మూడు. మా ఆయన తోలితే గ్రీజు పెట్టింది నేను. ఇరవయ్యేళ్లు పెట్టాను. ఈ వేలు ఆ నడిమి చక్రమే తింది. ఈ పెద్ద చక్రమెక్కడిది ఇటు? పెద్ద చక్రం ఒక్కటే, అటు పక్క. ఎవడు అతికించాడయ్యా దీన్ని?"

జనంలో నవ్వులు మొదలయ్యాయి. "రెండు పక్కలా ఉంటే బండి ఎగురుతుందేమోలే" అన్నాడెవడో. ఇంజినీరు ముఖం మాడ్చుకుని కిందికి చూశాడు.

"వెల్డరూ! ఏంటిది?"

"బొమ్మలో ఉంది, చేశాను" అన్నాడు బావ.

"బొమ్మలో ఉంటే మాత్రం? గేర్లుండే చోట షాఫ్టు మొనలుండాలిగా? అవేమయ్యాయి?"

"కోశాను."

"కోశావా! నీ అంతట నువ్వే? ఇనుము ముక్క కనబడితే కోసెయ్యడమేనా? నీ షెడ్డుకు పని ఇచ్చినందుకు నన్ననాలి!"

నవ్వు పెద్దదైంది. ఎవరు కోయమన్నారో బావ చెప్పలేదు. గోళ్లలో ఉన్న మసి గిల్లుకుంటూ నిలబడ్డాడు. అక్క మాత్రం వేదిక వైపు చూసింది. తిట్టలేదు, కళ్లెర్రజేయలేదు. చిన్నప్పుడు పగలగొట్టిన పలక దాచుకుని ఇంటికొచ్చిన తమ్ముణ్ణి ఎలా చూసిందో అలా చూసింది.

ఇంజినీరు గుమస్తా చెవి దగ్గరికి వంగాడు. "మీరు లేచి ఓ మాట చెప్పండి. మీరు కంటితో చూసి గీశారు కదా. ముసలావిడకు వయసైపోయింది, మతిమరుపు అనండి. సర్దుకుపోతుంది."

సర్దుకుపోతుంది. నిజమే. బోల్టుల గుమస్తా మాటకు తిరుగు లేదు. ముసలామెకు మతి పోయిందని ఊరు నమ్ముతుంది, వెల్డరుకు బుద్ధి లేదని ఎలాగూ నమ్మింది. తన పేరు అచ్చుబొమ్మ కింద అలాగే ఉంటుంది. గుమస్తా లేచాడు. మైకు ముందుకు వెళ్లాడు. గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా సగం వేలు ఇంకా పైకెత్తే ఉంది.

"ఆవిడకు మతిమరుపు..." అని మొదలుపెట్టాడు. ఆగాడు. "...లేదు."

నవ్వేవాళ్లు వేదిక వైపు తిరిగారు.

"నేను ఆ పక్క చూడలేదు. సందులో నా పొట్ట పట్టలేదు. పాత బొమ్మే ట్రేసింగు తీసి తిరగేశాను. మొనలు చూశాక గేర్లని తెలిసింది. తెలిసే కోసెయ్యమన్నాను. మా బావ వద్దన్నాడు."

ఇన్నాళ్లు గుండెల మీద మోసిన బండరాయి దించినట్టు నిలబడ్డాడు. భూమి బద్దలవుతుందేమో అని చూశాడు. భూమి ఎక్కడికీ పోలేదు. చైర్మన్ గడియారం చూసుకున్నాడు. ఇంజినీరు పళ్ల బిగువున, "ఇప్పుడెందుకండీ ఈ చాదస్తం? రెండు పక్కలా చక్రాలుంటే నిండుగా ఉంది, ఉండనివ్వండి" అన్నాడు. జనం ఫోన్లు తీసి, బండికి ఎన్నడూ లేని చక్రం ముందు నిలబడి ఫొటోలు దిగడం మొదలుపెట్టారు. వాళ్లకు ఏ చక్రమైతేనేం! ఆయన ప్రాణం మీదికి తెచ్చుకున్న నిజం ఆ కూడలిలో పట్టుమని పదిమందికి అక్కర్లేకపోయింది.

అక్కరున్న నలుగురైదుగురు మాత్రం ఉన్నారు. టీచరమ్మ లేచి, సంచి భుజాన వేసుకుని, ఆయన ముందునుంచే వెళ్లింది. "ఊ" అని కూడా అనలేదు. భార్య, "ఆ రోజు అడిగితే కొలతలన్నారు" అంది. బావ దగ్గరికి వచ్చాడు.

"ఇదే నోరు రెండు నెలల కిందట నా షెడ్డులో ఎక్కడ పెట్టుకున్నావయ్యా?"

"తప్పయింది బావా."

"తప్పు కాదు. తప్పంటే చెయ్యి జారడం. నువ్వు నాచేత కోయించావు." అని, అక్క వైపు ఓసారి చూసి, "మీ అక్క అన్నానికి రమ్మంటోంది. నాకైతే నీ మొహం చూడాలని లేదు. గోడవైపు తిరిగి తిను" అన్నాడు.

గ్రీజమ్మ ఇంకా రెండో పక్కే నిలబడి ఉంది. గుమస్తా వేదిక దిగి ఆవిడ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, పొట్ట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

"గీసేది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"రేపు కాగితం పట్టుకుని మా ఇంటికి రా. ఏ చక్రం ఎక్కడుండేదో, దేనికెన్ని పళ్లో, మూత ఎలా బిగించేవాళ్లో నేను చెబుతా, నువ్వు గీద్దువు. నేను పోతే ఇక చెప్పేవాళ్లు లేరు. ఆ మొనలైనా ఉంటే వెళ్లి చూసుకుందువు, అవీ ఉంచలేదు." ఆవిడ కర్ర మార్చుకుంది. "పర్లేదులే. చూడకుండా గీయడం నీకు అలవాటేగా."

మర్నాడు గుమస్తా సెలవు పెట్టి వెళ్లాడు. అట్ట, రెండు రకాల పెన్సిళ్లు, రబ్బరు. గ్రీజమ్మ మంచం మీద కూర్చుని, ఆయన్ని కింద కూర్చోమంది. ఆయన కాగితం సర్దుకుని, ఎంతో జాగ్రత్తగా, నడిమి చక్రానికి మొదటి గీత గీశాడు.

"చెరుపు" అంది ఆవిడ.